రాత్రిపూట బర్రెల దగ్గరికి పోయే బండి, దాని డిక్కీ లైట్లు

డాక్టర్ సారు మా ఆటో ఎలక్ట్రికల్ షాపుకు మొదట వచ్చింది లైట్ల కోసం కాదు, హారన్ మోగడం లేదని. పది నిమిషాల పని, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) కాళ్లకు చిలుము పట్టింది, గీకి పెట్టాను. డబ్బులిచ్చి పోబోతూ డిక్కీ తెరిచి చూపించారు. "అన్నా, ఈ లైటు జాగల కొంచెం ఎక్కువ వెలిగే బల్బేమన్న ఉన్నదా? రాత్రిపూట మందు సీసా దొరుకుత లేదు." ఏడు సీట్ల డీజిల్ బండి, చివరి సీటు మడిచేసి సామాను పెట్టుకుంటారు. బండితో వచ్చిన లైటు ఎడమ పక్క గోడలో, మోకాలెత్తున, అగ్గిపెట్టెంత ఉంది. లోపల 36 మిల్లీమీటర్ల పొడుగు బల్బు, 5 వాట్లది. ఆ రకం బల్బు కొత్తగా ఉన్నప్పుడే 45 లూమెన్ల (వెలుగు కొలత) దగ్గర ఇస్తుంది, గాజు నల్లబడ్డాక ఇంకా తక్కువ. అదే సైజు ఎల్‌ఈడీ ఒకటి వేసి పంపాను. తెల్లగా మెరిసింది, ఇద్దరం సంతోషపడ్డాం.

వారం తిరగకముందే మళ్లీ వచ్చారు. "ఏం ఫరక్ లేదన్నా."

హనుమకొండలో ములుగు రోడ్డు పక్కన పదిహేడేళ్లుగా ఆటో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నా, లైటు అడిగినవాణ్ని "నువ్వు ఆ వెలుగులో ఏం చేస్తావు" అని అడగాలన్న బుద్ధి నాకు అప్పుడు పుట్టింది. అడిగాను. ఆయన పశువుల డాక్టరు. 1962కి ఫోన్ చేస్తే వచ్చే సర్కారు పశువుల అంబులెన్సు వేరు, ఇది సొంత బండి. ఆత్మకూరు, శాయంపేట, పరకాల వైపు ఊళ్ల నుంచి రాత్రి పదకొండుకు, ఒంటిగంటకు ఫోన్లు వస్తాయి. దుడ్డె అడ్డం తిరిగి బర్రె ఈనలేకపోతుందని, లేదంటే ఈనిన మర్నాడు పాల జ్వరంతో కూలబడిందని. పాల జ్వరానికి కాల్షియం సీసా నరానికి ఎక్కించాలి, అదీ మెల్లగా, గుండె చప్పుడు చూసుకుంటూ. డిక్కీలో దాని పక్కనే గ్లూకోజు సీసా ఉంటుంది, చీకట్లో రెండూ ఒక్క తీరుగానే కనబడతాయి. పేరు చదవకుండా ఎక్కించలేరు కదా. అందుకని సెల్‌ఫోన్ టార్చి వేసి, ఫోన్‌ను పళ్ల మధ్య పట్టుకుని, రెండు చేతులతో డబ్బాలు వెతుకుతారట.

"సార్, ఇప్పుడు కాదు, రేపు రాత్రి ఎనిమిదింటికి రండి, సామానంతా ఎట్ల పెట్టుకుంటరో అట్లనే పెట్టుకోని రండి" అన్నాను. ఈ పని మొత్తంలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే అనిపిస్తుంది ఇప్పటికీ. పగలు, ఖాళీ డిక్కీ చూసి లైటు వేసేవాడికి ఏమీ తెలియదు.

మర్నాడు రాత్రి షట్టర్ దించి, బయటి ట్యూబ్‌లైటు ఆర్పి, ఆయన్ని మామూలుగా పని చేసుకొమ్మని పక్కన నిలబడ్డా. డిక్కీలో ఎడమ పక్కన లిక్విడ్ నైట్రోజన్ క్యాను, సెమెన్ స్ట్రాలు (కృత్రిమ గర్భధారణకు వాడే వీర్యం నింపిన సన్న గొట్టాలు) దాచేది, మైనస్ 196 డిగ్రీలు, బెల్టుతో బిగించి ఉంది. అది మోసుకుపోయేటప్పుడు వెనక అద్దం కొంచెం దించి ఉంచుతారట, ఆవిరైన గ్యాసు మూసిన బండిలో నిలిస్తే ఊపిరాడదని. సరిగ్గా ఆ క్యాను వెనకే ఉంది మన లైటు! నేను వేసిన ఎల్‌ఈడీ కూడా దివ్యంగా వెలుగుతోంది, క్యాను పొట్టకు. ఆ వెనక టీకాల ఐసు డబ్బా, మధ్యలో రెండు ప్లాస్టిక్ క్రేట్ల నిండా మందులు, కుడి పక్కన తాళ్లు, గమ్‌బూట్లు, బకెట్టు. సారు వంగి క్రేటులో చెయ్యి పెట్టగానే ఉన్న కాస్త వెలుగు మీద ఆయన భుజం నీడ పడింది. ఒక సీసా తీసి లేబుల్ చదవడానికి వెనక్కి తిరిగి, వీధి లైటు వైపు ఎత్తి చూసుకున్నారు. అలవాటైపోయిన కదలిక అది, తను అట్లా చేస్తున్నట్టు ఆయనకే తెలియదు.

అంటే కావలసింది బల్బు బలం కాదు. వెలుగు మనిషికీ సామానుకూ మధ్య నుంచి, రెండు వైపుల నుంచి రావాలి, అప్పుడు ఒక పక్క నీడను రెండో పక్క వెలుగు తినేస్తుంది. చాలామంది డిక్కీ పైకప్పు మధ్యలో ఒక పెద్ద ప్యానెల్ లైటు బిగిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, తెరవగానే తెల్లగా పగలు లెక్క ఉంటుంది. కానీ అది వంగిన మనిషి తలకు ముందో వెనకో ఉండి, అయితే కళ్లలో కొడుతుంది, లేదంటే తల నీడ వేస్తుంది. పెళ్లి సామాను తెచ్చుకునేవాళ్లకు పరవాలేదు, సీసా మీది చిన్న అక్షరాలు చదివేవాళ్లకు పనికిరాదు.

చివరికి ఇట్లా అనుకున్నాం. పక్క గోడ పైకప్పును కలిసే మూలలో ఇటొకటి అటొకటి, 45 సెంటీమీటర్ల ఎల్‌ఈడీ స్ట్రిప్పులు, అల్యూమినియం చానెల్‌లో పెట్టి, పాలరంగు మూతతో, లోపలికి ఏటవాలుగా చూసేట్టు. మూడోది 30 సెంటీమీటర్లది, పైకి లేచే డిక్కీ డోర్ లోపలి వైపున, దానికి వేరే స్విచ్చి. డోర్ లేచి నిలబడ్డప్పుడు ఆ మూడోది బండి వెనక నేల మీదికి, సారు చేతుల మీదికి పడుతుంది. సిరంజి నింపుకునేది, చేతులు కడుక్కునేది అక్కడే.

రంగు దగ్గర కొంచెం వాదన నడిచింది. సారుకు బాగా తెల్లది కావాలి, అందరూ అదే అడుగుతారు. నేను రెండు ముక్కలు వెలిగించి పక్కపక్కన పట్టి చూపించా, ఒకటి 6500 కెల్విన్ (నీలం తగిలిన తెలుపు) చవక రకం, ఇంకొకటి 4000 కెల్విన్ (కొంచెం వెచ్చని తెలుపు), సీఆర్‌ఐ, అంటే రంగుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపించే కొలత, 90 పైన ఉన్నది. ఆయన తన కింది కనురెప్పను కిందికి లాగి అద్దంలో చూసుకున్నారు. నాకు నవ్వొచ్చింది. పశువుకు రక్తం తక్కువైందా, కామెర్లా అని అట్లాగే రెప్ప లోపలి రంగు చూస్తారట. మొదటి లైటు కింద ఆయన రెప్ప పాలిపోయి నీలంగా ఉంది, రెండో దాని కింద మామూలు గులాబీ రంగు. "నాకే రక్తం లేనట్టు సూపెడుతున్నది గది" అని రెండోదే వెయ్యమన్నారు. స్ట్రాలకు జాతిని బట్టి వేర్వేరు రంగులుంటాయి, అవి తేడా తెలియడానికి కూడా ఇదే మంచిది.

ఇప్పుడు స్ట్రిప్పు సంగతి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. 12 వోల్టులు అని రాసి ఉంటుంది కాబట్టి బండికి నేరుగా కలిపేస్తారు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ పన్నెండున్నర ఉంటుంది, స్టార్ట్ చేస్తే 14, 14.4 దాకా పోతుంది. రెండు వోల్టులే కదా అనిపిస్తుంది. కానీ స్ట్రిప్పులో మూడేసి ఎల్‌ఈడీలు ఒక చిన్న రెసిస్టర్‌తో వరసలో ఉంటాయి, మూడు కలిపి సుమారు 9 వోల్టులు తీసుకుంటాయి, మిగిలిన 3 వోల్టులే రెసిస్టర్ మీద పడి కరెంటును అదుపు చేస్తాయి. నేను వాడిన దాంట్లో రెసిస్టర్ మీద 151 అని ఉంది, అంటే 150 ఓమ్‌లు. లెక్క వేస్తే 20 మిల్లీ ఆంపియర్లు. అదే 14.4 ఇస్తే రెసిస్టర్ మీద పడేది 3 నుంచి దాదాపు 5కు పోతుంది. బెంచి సప్లై మీద పెట్టి చూపించా మా పోరడికి: 45 సెంటీమీటర్ల ముక్క, 12 దగ్గర 0.36 ఆంపియర్లు, 14.4 దగ్గర 0.6కు కొంచెం తక్కువ. వోల్టేజీ ఇరవై శాతం పెరిగింది, కరెంటు అరవై శాతం పైన పెరిగింది. మన దగ్గర మే నెలలో ఎండలో మూసి ఉంచిన బండి లోపల స్టీరింగ్ ముట్టుకోలేం, ఆ వేడి మీద ఈ వేడి తోడైతే ఎల్‌ఈడీలు ఒక్కో మూడూ ఆరిపోతూ వస్తాయి. సగం వెలిగి సగం ఆరిన స్ట్రిప్పులు రోడ్డు మీద ఎన్ని బండ్లకు చూడలేదు మనం.

అందుకని మధ్యలో ఒక చిన్న బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించి నిలకడగా ఇచ్చేది) పెట్టి 11.5 వోల్టులకు సెట్ చేశాను. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు అది 11 చిల్లర దగ్గరే ఆగుతుంది, వెలుగు కొంచెం తగ్గుతుంది, కంటికి పెద్దగా తెలియదు. ఇవి కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, హైదరాబాద్ పోయినప్పుడు నాలుగైదు తెచ్చి పెట్టుకుంటా. మరీ చవకది ఎఫ్ఎం రేడియోలో గరగర పెడుతుంది, వెనక అద్దంలో యాంటెన్నా గీతలున్న బండైతే దానికి దూరంగా, కిందికి పెట్టాలి.

మూడూ కలిపి 1.2 మీటర్లు, మీటరుకు 9.6 వాట్ల రకం, అంటే పదకొండున్నర వాట్లు, ఒక ఆంపియర్ లోపే. ఇంత చిన్న లోడుకు రిలే ఎందుకు అనుకోవచ్చు. నేనూ రిలే పెట్టకుండా ఉంటే బాగుండేదేమో, పెట్టే ఇరుక్కున్నా.

జరిగింది ఇది. పాత డిక్కీ లైటుకు వచ్చే రెండు వైర్లలో ఒకదాంట్లో ఎప్పుడూ 12.4 ఉంది, రెండోది డోర్ తెరిచినప్పుడు ఎర్త్ అవుతోంది. ఆ ఎర్త్ ఇచ్చేది బాడీ కంట్రోల్ మాడ్యూల్, అంటే బండి లైట్లు, డోర్ల సంగతి చూసే చిన్న కంప్యూటర్, దాని లోపలి ట్రాన్సిస్టర్ ఆ చిన్న బల్బుకు సరిపడా తయారైంది, దాని మీద అదనపు లోడు పెట్టకూడదు. (మల్టీమీటర్‌తోనే చూడండి, బల్బు ఉన్న పాత టెస్ట్ ల్యాంపు పెట్టి గుచ్చొద్దు, కొత్త బండ్లలో అది ఖరీదైన సరదా.) కాబట్టి రిలే కాయిల్‌ను ఆ రెండు వైర్లకు కలిపి, కాయిల్ ఆరేటప్పుడు వచ్చే ఎదురు వోల్టేజీ మాడ్యూల్‌కు తగలకుండా దాని మీద 1ఎన్4007 డయోడు తిరగేసి పెట్టి, అసలు కరెంటు వేరే ఫ్యూజు నుంచి తెచ్చా. పుస్తకంలో రాసినట్టే ఉంది. డోర్ తెరిస్తే లైట్లు వెలిగాయి, సారు చూసి "ఇగ పట్టపగలే!" అన్నారు, నేను డబ్బులు తీసుకున్నా.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "అన్నా, డిక్కీ గోడల తొండ దూరినట్టున్నది. డోర్ ఏసినప్పుడల్లా టర్రుమంటున్నది."

తొండ కాదు, నా రిలే. ఈ బండిలో డోర్ వేయగానే లోపలి లైటు ఒక్కసారిగా ఆరదు, సినిమా హాల్లో లాగా రెండు సెకన్లలో మెల్లగా ఆరుతుంది. అట్లా ఆర్పడానికి మాడ్యూల్ కరెంటును సెకనుకు వందసార్లకు పైగా తెంచి తెంచి ఇస్తుంది, దాన్నే పీడబ్ల్యూఎం అంటారు. ఫిలమెంట్ బల్బు వేడిగా ఉంటుంది కాబట్టి ఆ తెంపులు దానికి తెలియవు. రిలే మాత్రం ప్రతి తెంపుకూ వదలాలా పట్టుకోవాలా అని కొట్టుకుంటుంది. నేను డోర్ తెరవడం చూశాను, వేసేటప్పుడు చెవి పెట్టలేదు. ఇట్లాగే వదిలేస్తే రిలే పాయింట్లు కొన్నాళ్లకు కాలి అతుక్కుపోతాయి, అప్పుడు లైట్లు ఆరవు, డోర్ మూసి ఉంటుంది కాబట్టి లోపల వెలుగుతున్నట్టు ఎవరికీ తెలియదు, పొద్దున బండి లేవదు. రాత్రి ఒంటిగంటకు ఫోన్ వచ్చే మనిషికి ఆ గతి పట్టించేవాణ్ని. కాయిల్‌కు కెపాసిటర్ పెడితే శబ్దం పోతుందని ఒకాయన సలహా ఇచ్చాడు. పోతుంది, కానీ కెపాసిటర్ నిండేటప్పుడు గుంజే కరెంటంతా మాడ్యూల్ మీదే పడుతుంది, నేను ఒప్పుకోలేదు.

మాడ్యూల్ జోలికే పోకుండా మళ్లీ మొదటి నుంచి వేశాను. డిక్కీలో 12 వోల్టుల సాకెట్ ఉంది, ఇంజిన్ ఆపి తాళంచెవి తీసేసినా దాంట్లో కరెంటు ఉంటోంది (అన్ని బండ్లలో ఉండదు, చూసుకోవాలి). దాని వెనక నుంచి తీసుకుని, తీసుకున్న చోటుకు జానెడు దూరంలోనే 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టా. లైటు దగ్గర ఫ్యూజు పెడితే లాభం లేదు, అది కాపాడాల్సింది వైరును. పాత బండ్లకు ముందు డోర్ల దగ్గర ఉండే బటన్ లాంటి పిన్ స్విచ్ ఒకటి డిక్కీ అంచున, రబ్బరు బీడింగ్ లోపలి వైపు నీళ్లు రాని చోట బిగించా. డోర్ వేస్తే నొక్కుకుని ఆరుతుంది, తెరిస్తే వెలుగుతుంది. ఏ తెలివీ లేదు దానికి, అందుకే నమ్మొచ్చు.

మాడ్యూల్‌ను వదిలేస్తే ఒక నష్టం ఉంది, మరిచిపోతే కొంతసేపటికి అదే ఆర్పేసే సౌకర్యం పోయింది. ఇరవై నిమిషాల టైమర్ పెడదామా అంటే సారు నా ముఖం చూసి అన్నారు, "బర్రె లోపల మోచెయ్యి దాక చెయ్యి ఉన్నప్పుడు లైట్ పోతే, టైమర్ ఎవరు నొక్కాలె అన్నా?" నిజమే. టైమర్ బదులు తక్కువ వోల్టేజీకి తెంచే చిన్న మాడ్యూల్ పెట్టా, 12.2 దగ్గర తెంచేట్టు. అప్పటికి బ్యాటరీలో దాదాపు సగం మిగిలి ఉంటుంది, ఇంజిన్ లేస్తుంది. మళ్లీ కలవడం 13 దాటితేనే, అంటే ఇంజిన్ నడిస్తేనే. ఈ రెండో అంకె సెట్ చేయకపోతే, లోడు తీసేయగానే బ్యాటరీ కొంచెం కోలుకుని 12.3 చూపిస్తుంది, మళ్లీ కలుస్తుంది, మళ్లీ తెగుతుంది, తెల్లారేదాకా టిక్కు టిక్కు. ఒక తొండ చాలు నాకు.

మూడో లైటు స్విచ్చి పిన్ స్విచ్ తర్వాతే వేశాను, దాన్ని దాటి కాదు. దానికి కారణం ఉంది. బండి వెనక్కి ఎర్ర లైటు తప్ప వేరేది చూపించకూడదని మోటారు వాహనాల రూల్స్‌లో 108 చెప్తుంది. ఇండికేటర్లూ, నంబర్ ప్లేటుదీ, రివర్సుదీ, లోపలి లైట్లూ లాంటివి మినహాయింపు. డోర్ మీది లైటు లోపలిదేనని వాదించొచ్చు, కానీ వెనకొచ్చే బైకువాడి కళ్లు రూలు చదవవు. డోర్ వేస్తే అది తప్పనిసరిగా ఆరాలి. ఇంకోటి కూడా ఆ రాత్రే గమనించాం. ఈ బండికి టెయిల్ లైట్లలో కొంత భాగం డోర్ మీదే ఉంది, డోర్ పైకి లేపితే అది ఆకాశం వైపు తిరుగుతుంది. ఊరి బయట రోడ్డు పక్కన చీకట్లో ఆపితే వెనక నుంచి వచ్చే ట్రాక్టరుకు బండి సరిగా కనబడదు. డోర్ కింది అంచుకు లోపలి వైపు ఎర్ర రిఫ్లెక్టర్ టేపు వరసగా అంటించా, తెరిస్తే ట్రాక్టరు వైపు ఉంటుంది. మొత్తం పనిలో ఎనభై రూపాయల పని.

వైర్లు తీసిన దారి గురించి ఒక్క మాట, మిగతాది ఎవరైనా చేస్తారు. ఈ బండికి పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్నాయి, పైకప్పు అంచు వెంబడి వెనక స్తంభం దాకా మడిచి ఉంటాయి. నా స్ట్రిప్పులు పోయేది దాదాపు అక్కడికే. బ్యాటరీ నెగెటివ్ తీసి, కాసేపు ఆగి, ప్లాస్టిక్ విప్పి, బ్యాగు ఎక్కడ ఆగిపోతుందో కళ్లారా చూశాకే చానెళ్లకు చోటు గుర్తు పెట్టా, దానికి వెనగ్గా, బ్యాగు విచ్చుకునే దారికి అడ్డం రాకుండా. పసుపు రంగు కనెక్టర్లు కనబడితే చెయ్యి వెనక్కి తీసుకోండి. చానెళ్లను టేపుతో కాదు, చిన్న స్క్రూలతో బిగించా. డబుల్ సైడ్ టేపు మన ఎండాకాలం దాటదు, మార్చిలో అంటిస్తే మే చివరికి స్ట్రిప్పు ఉరేసుకున్నట్టు వేలాడుతుంది.

బిల్లు 3,600 అయింది, అందులో రెండోసారి వేసిన కూలి లేదు, అది నా తప్పు కాబట్టి.

వానలు మొదలయ్యాక సారు ఫోన్ చేశారు. ములుగు దగ్గర ఒక ఊళ్లో పొలం పక్కన డిక్కీ తెరిచేసరికి ఉసిళ్లు మూగి మందుల క్రేటంతా రెక్కలే అయ్యాయట, సిరంజి నింపుతుంటే సూది మీద కూడా వాలాయట. 6500 వేసి ఉంటే ఇంకా ఎక్కువ వచ్చేవి, నీలం వెలుగుకు పురుగు ఎక్కువ వస్తుంది, కానీ వానాకాలంలో మొదటి జల్లు పడ్డ రాత్రి ఏ తెల్ల లైటుకైనా వస్తాయి. అందుకు కుడి పక్క చానెల్‌లో ఖాళీ ఉన్న చోట పది సెంటీమీటర్ల పసుప్పచ్చ స్ట్రిప్పు ఒకటి ఇరికించి, మూడో లైటు స్విచ్చి తీసేసి మూడు స్థానాల స్విచ్చి పెట్టా: అన్నీ, పక్కవి మాత్రమే, పసుపు ఒక్కటే. పసుపులో లేబుల్ చదవొచ్చు, రంగులు చూడలేం. ముందు దానితో సామాను తీసుకుని, పశువు దగ్గరికి పోయాక నెత్తికి కట్టుకునే లైటు వాడుతున్నారు.

నవంబర్‌లో ఇంకోసారి వచ్చింది బండి, డోర్ మీది లైటు ఒక్కటే వెలగడం లేదని. డోర్‌కూ బాడీకీ మధ్య వైర్లు పోయే రబ్బరు గొట్టం విప్పి చూశా. ఆ వంపు దగ్గరే ఏ బండికైనా వైర్లు తెగుతాయి, తెరిచిన ప్రతిసారీ అక్కడ వంగుతాయి కాబట్టి. అందుకనే సన్న తీగల మెత్తటి సిలికాన్ వైరు వేశా. అది సరిగ్గా వంపు మధ్యలో తెగి ఉంది. అక్కడ మా పోరడు నీటుగా ఉంటుందని బండి వైర్లతో కలిపి ఒక ప్లాస్టిక్ టై గట్టిగా బిగించాడు. వైరు జారడానికి చోటు లేక, అన్ని వంపులూ ఆ ఒక్క చోటే తిన్నది. ఆ రోజు గొట్టం మూసేటప్పుడు నేను చూడాల్సింది, చూడలేదు. కొత్త వైరు వేసి, రెండు చివర్లా గొట్టం బయటే కట్టి, లోపల వేలెడు వదులు ఉంచి, డోర్ యాభైసార్లు తెరిచి వేయమన్నా వాణ్ని. ముప్పై దాటాక లెక్క తప్పానని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.